గుడ్ల లెక్క రాసిన చేత్తోనే ‘1984’ : జూరా దీవిలో జార్జ్ ఆర్వెల్

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక డైరీతో మొదలుపెడదాం. ఒక మనిషి రోజూ డైరీ రాసుకుంటున్నాడు. అందులో ఏముంటుందంటే, ఈ రోజు గాలి ఎటు వీచింది, వాన పడిందా లేదా, ఏ మొక్క మొలకెత్తింది, కోళ్ళు ఎన్ని గుడ్లు పెట్టాయి. ఒక రోజు మూడు, ఇంకో రోజు అయిదు. ఇలా పేజీలకు పేజీలు. చదివితే మీకు ఎవరో పల్లెటూరి రైతు డైరీ అనిపిస్తుంది.

కానీ ఆ మనిషి రైతు కాదు. ‘యానిమల్ ఫామ్’, ‘1984’ రాసిన జార్జ్ ఆర్వెల్. ‘బిగ్ బ్రదర్’ అనే మాటను ప్రపంచానికి ఇచ్చిన మనిషి. ఇవాళ ఎవరైనా ఫోన్ మన మీద నిఘా పెడుతోంది అంటే, ప్రభుత్వం అన్నీ చూస్తోంది అంటే, మొదట గుర్తొచ్చే పేరు ఆయనదే. అంత భయంకరమైన రాజకీయ నవల రాసిన మనిషి, ఆ నవల రాసే రోజుల్లో ఎక్కడున్నాడో తెలుసా? లండన్‌లో కాదు. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో, కరెంటు లేని, ఫోను లేని ఒక ఇంట్లో. చుట్టూ జింకలు, కోళ్ళు, సముద్రపు పక్షులు, బురద.

ఎందుకు వెళ్ళాడు? లోకం నుంచి పారిపోయాడా? ఆ దీవే ఆయన ప్రాణం తీసిందా? ఆ కోడిగుడ్ల లెక్కకీ, ‘1984’కీ ఏమైనా సంబంధం ఉందా? ఇవాళ ఈ మూడు ప్రశ్నలూ చూద్దాం.

మోతీహారీలో పుట్టిన పిల్లాడు

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది 1903 జూన్ 25న. ఎక్కడో తెలుసా? మన బీహార్‌లోని మోతీహారీలో. అవును, గాంధీగారు 1917లో నీలిమందు రైతుల కోసం పోరాడిన చంపారన్ ప్రాంతమే. ఆర్వెల్ తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. పిల్లాడికి ఏడాది దాటేసరికి తల్లి ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయింది.

19 ఏళ్ళకి బర్మాలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. అయిదేళ్ళు చేశాడు. సామ్రాజ్యం అంటే ఏంటో లోపలి నుంచి చూశాడు, అసహ్యం పుట్టింది, ఉద్యోగం వదిలేశాడు. తర్వాత పారిస్‌లో హోటల్లో గిన్నెలు కడిగాడు, లండన్‌లో బిచ్చగాళ్ళతో కలిసి తిరిగాడు, రాయడం మొదలుపెట్టాడు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. మనకి కావలసింది ఆ తర్వాతది.

1936లో, 33వ ఏట, లండన్ వదిలి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వాలింగ్టన్ అనే చిన్న ఊరికి మారాడు. ఆ ఇల్లు ఒకప్పుడు ఊరి కొట్టు. అద్దె వారానికి ఏడున్నర షిల్లింగులు, చాలా చవక. చవక ఎందుకో లోపలికెళ్తే తెలుస్తుంది. పైన రేకుల కప్పు, వాన పడితే చెవులు చిల్లులు పడతాయి. కరెంటు లేదు. మరుగుదొడ్డి పెరడు చివర. గుమ్మాలు ఎంత పొట్టివంటే ఆరడుగులు దాటిన ఆర్వెల్‌కి తల కొట్టుకోని రోజు ఉండేది కాదేమో.

ఆ ఏడాది జూన్‌లోనే ఎలీన్ ఓషానెసీని పెళ్ళి చేసుకున్నాడు. ఎలీన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంది, లండన్‌లో సైకాలజీలో పై చదువు చేస్తోంది. ఆమె వచ్చి ఈ రేకుల ఇంట్లో కాపురం పెట్టింది. ఇద్దరూ కలిసి కొట్టు నడిపారు, కూరగాయలు వేశారు, కోళ్ళూ మేకలూ పెంచారు. మేక పేరు మ్యూరియల్. పుంజు పేరు హెన్రీ ఫోర్డ్. తర్వాత వచ్చిన కుక్క పేరు మార్క్స్! నవ్వుకోవచ్చు, వాళ్ళు పెట్టింది కూడా నవ్వుకోవడానికే.

మేక మ్యూరియల్ నుంచి ‘యానిమల్ ఫామ్’ దాకా

ఇక్కడ ఒక విషయం గమనించండి. ‘యానిమల్ ఫామ్’లో ఒక మేక ఉంటుంది, చదవడం వచ్చిన మేక. గోడ మీద రాసిన చట్టాలు చదివి మిగతా జంతువులకి చెబుతుంది. దాని పేరేంటి? మ్యూరియల్. అంటే ఆ పుస్తకంలోకి ఆయన పెరట్లోని మేక నేరుగా నడిచి వెళ్ళిపోయిందన్నమాట.

ఆ కథ ఆలోచన ఎలా పుట్టిందో ఆర్వెల్ 1947లో ‘యానిమల్ ఫామ్’ ఉక్రేనియన్ అనువాదానికి రాసిన ముందుమాటలో చెప్పాడు. పల్లెలో ఉన్న రోజుల్లో ఒకసారి, పదేళ్ళుండే ఒక పిల్లాడు చాలా పెద్ద బండిగుర్రాన్ని సన్నటి దారిలో తోలుకెళ్తున్నాడు. గుర్రం పక్కకి తిరగబోయినప్పుడల్లా కొరడాతో కొడుతున్నాడు. అది చూసి ఆర్వెల్‌కి అనిపించింది, ఈ జంతువులకి తమ బలం తెలిస్తే మనిషి వాటిని ఏం చేయగలడు అని. మనుషులు జంతువుల్ని వాడుకున్నట్టే ధనవంతులు కార్మికుల్ని వాడుకుంటున్నారు కదా అని. అక్కడి నుంచి కథ అల్లుకుంది.

మన ఊళ్ళలో ఎద్దుని చిన్న పిల్లాడు తాడు పట్టుకుని తీసుకెళ్ళడం అందరం చూసినదే. చూస్తాం, దాటిపోతాం. ఆయన ఆగి చూశాడు, అంతే తేడా.

1936 డిసెంబర్‌లో స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్ళాడు. 1937 మే 20న గొంతులోంచి తుపాకీ గుండు దూసుకుపోయింది, చావు తప్పింది. అక్కడ ఆయన కళ్ళారా చూసింది ఇంకొకటి ఉంది. జరగని యుద్ధాలు జరిగినట్టు పేపర్లలో వచ్చాయి. వందల మంది చచ్చిపోయిన చోట ఏమీ జరగనట్టు రాశారు. ధైర్యంగా పోరాడిన వాళ్ళని ద్రోహులన్నారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

1938లో ఊపిరితిత్తుల నుంచి రక్తం పడింది. నెలల తరబడి శానిటోరియంలో ఉన్నాడు. అదే ఏడాది ఆగస్టు 9న ఈ ఇంటి డైరీ మొదలుపెట్టాడు. మొదటి రోజు రాసింది ఏంటంటే, పూలపాదుల్లో పెద్ద పాము దొరికిందని.

1939 ఎండాకాలంలో ఆయన రెండు డైరీలు పక్కపక్కనే రాశాడు. ఒకదాంట్లో యుద్ధం ఎలా దగ్గరపడుతోందో పేపర్లు చూసి రాసేవాడు. ఇంకోదాంట్లో కోళ్ళు, మొక్కలు, వాన. ప్రపంచం తగలబడబోతోందని తెలిసిన మనిషి, గుడ్లు ఎన్నో కూడా లెక్క పెట్టుకున్నాడు.

లండన్, బాంబులు, చావు

యుద్ధం రోజుల్లో ఆర్వెల్ మళ్ళీ లండన్ వచ్చాడు. 1941 నుంచి 1943 దాకా బీబీసీలో, మన భారతదేశానికి ప్రసారమయ్యే కార్యక్రమాల విభాగంలో పనిచేశాడు. ఆయన పిలిస్తే వచ్చి మాట్లాడిన వాళ్ళలో ముల్క్ రాజ్ ఆనంద్ కూడా ఉన్నాడు. యుద్ధ ప్రచారం ఎలా తయారవుతుందో, సెన్సార్ ఎలా పనిచేస్తుందో ఈ ఉద్యోగంలో దగ్గర నుంచి చూశాడు.

1940 జూన్‌లోనే, బాంబులు ఇంకా లండన్ మీద పడకముందే, తన డైరీలో ఒక దీవి గురించి రాసుకున్నాడు. ఎప్పటికైనా స్కాట్లాండ్ దగ్గర హెబ్రిడీస్ దీవుల్లో ఒకదాంట్లో ఉండాలని కల. అప్పటికి ఆ దీవి ఏదో ఆయనకే తెలియదు.

1944 జూన్‌లో, పిల్లలు లేని ఆర్వెల్ దంపతులు ఒక పసివాణ్ణి దత్తత తీసుకున్నారు. పేరు రిచర్డ్. అదే నెల 28న వాళ్ళుండే ఇంటి మీద జర్మన్ బాంబు పడింది. ఆ సమయానికి ఇంట్లో లేరు, బతికిపోయారు. శిథిలాల్లోంచి ‘యానిమల్ ఫామ్’ రాతప్రతి వెతికి తీసుకున్నాడు. నలిగిపోయింది, కానీ చదవగలిగేలా ఉంది. ఆ పుస్తకాన్ని అచ్చేయడానికి ఒకరి తర్వాత ఒకరు పబ్లిషర్లు ఒప్పుకోలేదు. రష్యా అప్పుడు బ్రిటన్‌కి మిత్రదేశం, స్టాలిన్‌ని విమర్శిస్తే ఎలా అని. చివరికి 1945 ఆగస్టులో వచ్చింది, వచ్చీ రాగానే పేరు మారుమోగిపోయింది.

కానీ ఆ పేరు చూడ్డానికి ఎలీన్ లేదు. 1945 మార్చి 29న ఆపరేషన్ టేబుల్ మీదే చనిపోయింది. ఆర్వెల్ అప్పుడు విలేకరిగా యూరప్‌లో ఉన్నాడు.

ఒక్కసారి ఆయన పరిస్థితి ఊహించుకోండి. భార్య పోయింది. ఏడాది నిండని పిల్లాడు. ఊపిరితిత్తులు బాగాలేవు. పేరొచ్చాక అందరూ వ్యాసాలు అడిగేవాళ్ళే, ఒక్క ఏడాదిలోనే వందకు పైగా రాశాడు. తల్లో ఒక నవల తిరుగుతోంది, కూర్చుని రాసే తీరిక లేదు. అప్పుడు ఒక స్నేహితుడి మాట మీద 1945 సెప్టెంబర్‌లో జూరా అనే దీవి చూసొచ్చాడు. 1946 మేలో సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

జింకల దీవి

జూరా పేరుకి పాత నార్స్ భాషలో ‘జింకల దీవి’ అని అర్థం చెబుతారు. ఇప్పటికీ అక్కడ మనుషులు దాదాపు 200 మంది, జింకలు వేలల్లో. దీవి పొడవునా ఒకే ఒక్క రోడ్డు.

ఆర్వెల్ ఉన్న ఇల్లు బార్న్‌హిల్, దీవి ఉత్తరపు కొసన. లండన్ నుంచి అక్కడికి చేరడానికి దాదాపు రెండు రోజులు. రైలు, ఓడ, బస్సు, మళ్ళీ ఓడ, తర్వాత కారు. ఆఖరి 7 మైళ్ళు, అంటే 11 కిలోమీటర్లు, బురద బాట, నడిచి వెళ్ళాల్సిందే. తన స్నేహితులకి రాసిన ఉత్తరాల్లో ఈ దారి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో, ఆ నడక తప్ప పెద్ద కష్టమేం లేదు, తప్పకుండా రండి అని పిలిచేవాడు!

ఇంట్లో కరెంటు లేదు, కిరసనాయిలు దీపాలు. వంటకి గ్యాస్ సిలిండర్. చలికి పీట్ కాల్చేవాళ్ళు. పీట్ అంటే చిత్తడి నేలలో వేల ఏళ్ళుగా మొక్కలు కుళ్ళి గట్టిపడిన మట్టి, దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. ఆ పీట్ కోసుకోవడం, కోళ్ళకి దాణా, కూరగాయల పాదులు, సముద్రంలో చేపలు, లాబ్‌స్టర్‌లకి బుట్టలు వేయడం, కుందేళ్ళ వేట, ఆపిల్ మొక్కలు నాటడం, ఇదీ ఆయన దినచర్య. ఒక మోటార్ సైకిల్ ఉండేది, అది నడిచిన రోజుల కంటే మొరాయించిన రోజులే ఎక్కువ.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ‘రచయిత ఒంటరిగా ప్రకృతి ఒడిలో’ అని మనం అనుకుంటాం, ఫొటోలు కూడా అలాగే ఊహించుకుంటాం. ఆయన ఒంటరిగా ఏం లేడు. చెల్లెలు ఎవ్రిల్ వచ్చి ఇల్లంతా నెత్తిన వేసుకుంది. వంట ఆమెది, ఇంటి పని ఆమెది, పిల్లాడి సంగతి చాలావరకు ఆమెది. పొలం పనికి ఇంకో యువకుడు చేరాడు. అంతకుముందు వాలింగ్టన్‌లో ఆ పని ఎలీన్ చేసింది. రచయితకి ప్రశాంతత దొరికింది అంటే, ఆ ప్రశాంతతకి ఎవరో అంట్లు తోముతున్నారన్నమాట. ఇది ఆర్వెల్ ఒక్కడి కథ కాదు, మన దగ్గరా అంతే కదా. ఆ పేర్లు కూడా చెప్పుకోవాలి.

సుడిగుండం

1947 ఆగస్టు 19. ఎండాకాలం సెలవులకి మేనల్లుడు, మేనకోడళ్ళు వచ్చారు. అందరూ కలిసి దీవికి అవతలి వైపు క్యాంపుకి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కొందరు నడిచి వచ్చారు. ఆర్వెల్, మూడేళ్ళ రిచర్డ్, మేనల్లుడు, ఒక మేనకోడలు చిన్న మోటార్ పడవలో బయల్దేరారు.

జూరాకీ, దాని పైనున్న ఇంకో దీవికీ మధ్య కోరీవ్రెకన్ అనే జలసంధి ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద సముద్రపు సుడిగుండాల్లో ఒకటి అక్కడే. ఆటుపోట్ల లెక్క చూసుకుని, నీళ్ళు నిలకడగా ఉన్న సమయంలోనే దాటాలి. ఆర్వెల్ ఆ లెక్క తప్పాడు. పడవ సుడిలోకి వెళ్ళిపోయింది. ఇంజను ఊడి సముద్రంలో పడిపోయింది. తెడ్లతో ఎలాగో ఒక రాతి దిబ్బ దగ్గరికి చేరారు. మేనల్లుడు తాడు పట్టుకుని గట్టు మీదకి దూకాడు, ఈలోపు పడవ బోల్తా పడింది. రిచర్డ్ పడవ కింద చిక్కుకుపోయాడు. ఆర్వెల్ నీళ్ళలోకి చెయ్యి పెట్టి పిల్లాణ్ణి బయటికి లాగాడు.

తడి బట్టలతో, తిండి లేకుండా, ఆ దిబ్బ మీద దాదాపు మూడు గంటలు. చివరికి అటుగా వచ్చిన లాబ్‌స్టర్ జాలర్లు చూసి తీసుకెళ్ళారు. మేనల్లుడు తర్వాత గుర్తుచేసుకున్న ఒక సంగతి ఏంటంటే, ఆ మూడు గంటల్లో కూడా మామయ్య దిబ్బంతా తిరిగి వచ్చి, ఇక్కడ పఫిన్ పక్షులు బొరియల్లో గూళ్ళు పెడతాయి అని చెప్పాడట!

ఇంటికొచ్చి డైరీలో ఏం రాశాడు? సుడిలో పడ్డాం, మునిగిపోవాల్సింది, ఇంజను పోయింది, పిల్లాడు ఒక్క క్షణం పడవ కింద ఇరుక్కున్నాడు. అంతే, పొడిపొడిగా. ఎంత దూరం, ఎంత సేపు, ఏ సామాను పోయింది. ఏడుపు లేదు, గొప్పలు లేవు.

ఇది ధైర్యమా, నిర్లక్ష్యమా? నా అడిగితే రెండూ. మూడేళ్ళ పిల్లాణ్ణి ఆ నీళ్ళలోకి తీసుకెళ్ళడం తప్పే. ఆయన్ని అభిమానిస్తున్నాం కదా అని దాన్ని సాహసం అనక్కర్లేదు.

యాభై రోజుల మందు

1947 చివరికి నవల మొదటి ప్రతి అయిపోయింది, మనిషి కూడా అయిపోయాడు. డిసెంబర్‌లో గ్లాస్గో దగ్గర హెయిర్‌మైర్స్ ఆసుపత్రిలో చేర్చారు. టీబీ అని తేలింది.

అప్పుడే అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది. బ్రిటన్‌లో మామూలు రోగికి దొరకదు. ‘యానిమల్ ఫామ్’ మీద అమెరికాలో వచ్చిన డబ్బుతో, పత్రికా సంపాదకుడైన స్నేహితుడు డేవిడ్ ఆస్టర్ సాయంతో, ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ అనుమతితో ఆ మందు తెప్పించారు. చూడండి, ఎప్పుడో పల్లె బాటలో చూసిన గుర్రం ఇప్పుడు ఆయనకి మందు కొనిపెట్టింది.

కానీ ఒళ్ళు తట్టుకోలేదు. చర్మం ఎర్రబడి పొలుసులూడింది, నోట్లో పుళ్ళు, జుట్టు రాలింది, గోళ్ళు పాడయ్యాయి. దాదాపు 50 రోజుల తర్వాత ఆపేశారు. మిగిలిన మందు వేరే రోగులకి వెళ్ళింది. ఇవాళ టీబీకి నాలుగు మందులు కలిపి ఆరు నెలలు వాడితే చాలామందికి నయమవుతుంది, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. కొన్నేళ్ళు ఆలస్యంగా జబ్బు పడి ఉంటే ఆర్వెల్ బతికేవాడేమో.

1948 జూలైలో కొంచెం కోలుకుని మళ్ళీ జూరాకే వెళ్ళాడు. డాక్టర్లు విశ్రాంతి అన్నారు. కానీ రాతప్రతి నిండా కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఆయన తప్ప ఇంకెవరూ చదవలేరు. పక్కన కూర్చుని టైప్ చేసే మనిషి కోసం లండన్‌లో వెతికారు. అంత దూరం రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సరే అని తనే మొదలుపెట్టాడు. మేడ మీద గదిలో, కిరసనాయిలు హీటర్ పొగలో, ఒక చేత్తో సిగరెట్టు, జ్వరం, దగ్గు, టైప్‌రైటర్. కొన్ని రోజులు మంచం మీద కూర్చునే కొట్టాడు. డిసెంబర్ మొదట్లో అయిపోయింది.

ఆ నెల 24న ఇంటి డైరీలో చివరి పేజీ రాశాడు. క్రిస్మస్ కోసం పెంచిన పెద్దబాతు తప్పించుకుని సముద్రంలోకి ఈదుకుంటూ పోయింది, మైలు దూరంలో దొరికింది, దాన్ని పడవలో వెంబడించాల్సి వచ్చింది. దాని బరువు కూడా రాశాడు, పదిన్నర పౌండ్లు. ఆ తర్వాత, స్నోడ్రాప్ పూలమొక్కలు అంతటా పైకొచ్చాయి, కొన్ని ట్యూలిప్ మొలకలు కనిపిస్తున్నాయి అని. ఆ డైరీ అక్కడితో ఆగిపోయింది.

1949 జనవరిలో జూరా వదిలి శానిటోరియంకి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. గాంధీగారి మీద ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం అచ్చైంది కూడా ఆ జనవరిలోనే. జూన్ 8న ‘1984’ విడుదలైంది. అక్టోబర్‌లో ఆసుపత్రి మంచం మీదే సోనియా బ్రౌనెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. స్విట్జర్లాండ్ వెళ్తే నయమవుతుందని ఆశ, అక్కడ చేపలు పట్టొచ్చని గాలపు కర్రలు ఆసుపత్రి గదిలో మూలన పెట్టుకున్నాడు. 1950 జనవరి 21న చనిపోయాడు. 46 ఏళ్ళు.

మరి మన మూడు ప్రశ్నలు

ఇప్పుడు మొదట్లో అనుకున్న ప్రశ్నలకి వద్దాం.

దీవి ఆయన్ని చంపిందా? నా ఉద్దేశంలో లేదు. జబ్బు ఎప్పటి నుంచో ఒంట్లో ఉంది, 1938లోనే రక్తం పడింది. స్కాట్లాండ్ పడమటి తీరం మనం అనుకునేంత గడ్డకట్టే చోటు కూడా కాదు. కాకపోతే డాక్టరుకి దూరంగా ఉండటం, తడుస్తూ తిరగడం, ముఖ్యంగా పడుకోవాల్సిన రోజుల్లో టైప్ కొట్టడం, ఇవి ఆయుష్షు తగ్గించాయి. పుస్తకమా, ప్రాణమా అన్నచోట ఆయన పుస్తకం వైపు మొగ్గాడు. ఆ లెక్క సరైనదా కాదా అంటే, ఏడాది నిండకముందే తల్లీ, అయిదేళ్ళకే తండ్రీ కూడా లేకుండా మిగిలిన రిచర్డ్‌ని అడగాలి, మనల్ని కాదు.

లోకం నుంచి పారిపోయాడా? పారిపోయినవాడు లోకం గురించి అంత పుస్తకం రాయడు. 1946 వసంతంలో ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు, కప్పల మీద. చలికాలమంతా నేలలో దాక్కున్న కప్ప వసంతంలో పైకి రావడం గురించి. అందులో ఆయన వాదన ఏంటంటే, ఇలాంటి ఆనందానికి పైసా ఖర్చు లేదు, అధికారంలో ఉన్నవాళ్ళకి ఇది నచ్చకపోయినా ఆపలేరు. రాజకీయాల్లో ఉన్నంత మాత్రాన చెట్టూ చేమా చూడటం నేరమా అని అడిగాడు. మనుషులు మంచి బతుకు కోసం పోరాడుతున్నప్పుడు, ఆ మంచి బతుకులో ఏముంటుందో కూడా తెలిసుండాలి కదా.

ఇక ఆఖరిది, గుడ్ల లెక్క. మా నాయనమ్మ పాల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. రోజుకో గీత, పాలు రాని రోజు సున్నా. నెలాఖరుకి పాలవాడు ఎంత వాదించినా గోడ వైపు చూపించేది. గోడ అబద్ధం ఆడదు అనేది. ఆర్వెల్ డైరీ చదివినప్పుడు నాకు ఆ గోడ గుర్తొచ్చింది.

‘1984’లో హీరో విన్‌స్టన్ ఉద్యోగం ఏంటి? పాత పేపర్లలో అంకెలు మార్చడం. నిన్న ఇస్తామన్న రేషన్ ఇవాళ తగ్గితే, నిన్నటి పేపర్నే మార్చేస్తారు. చివరికి రెండూ రెండూ అయిదు అని పార్టీ అంటే అయిదే అని నమ్మాలి. స్పెయిన్‌లో ఆయన చూసిన అబద్ధపు వార్తలు, బీబీసీలో చూసిన సెన్సారు, అన్నీ ఇక్కడికి చేరాయి. అలాంటి లోకాన్ని రాస్తున్న మనిషి, పక్కన ఇంకో నోటుబుక్‌లో రోజూ ఏం రాస్తున్నాడు? ఇవాళ మూడు గుడ్లు. మూడే. ఎవరూ నాలుగు అని రాయించలేరు, ఎందుకంటే తన చేత్తో తీసి లెక్కపెట్టాడు.

ఆ నవలలో విన్‌స్టన్ కలలో వచ్చే చోటు కూడా ఒక పల్లె, పచ్చిక, పక్షి పాట. నిజంగా అలాంటి చోటుకి వెళ్ళినప్పుడు కూడా మైకులు ఎక్కడైనా దాచారేమో అని భయపడతాడు. అంటే పల్లెకి వెళ్తే నిఘా పోతుందని ఆర్వెల్ మనకి అబద్ధం చెప్పలేదు. కళ్ళతో చూసినదాన్ని చూసినట్టు చెప్పగలగడం, అది ఎక్కడున్నా కావాలి.

మన ఫోన్లలో రోజూ ఎన్నో అంకెలు వస్తాయి. ఇంతమంది అన్నారు, ఇంత శాతం అంట, ఫలానా చోట ఇంత జరిగిందంట. ఫార్వర్డ్ కొట్టేస్తాం. వాటిలో మనం స్వయంగా లెక్కపెట్టినవి ఎన్ని? మీకు జూరా వెళ్ళే అవసరం లేదు, కోళ్ళు పెంచక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు, ఇవాళ మీ కళ్ళతో చూసిన ఒక్క విషయం, చూసింది చూసినట్టు, రెండు ముక్కలు రాసి చూడండి. వాన, మీ వీధి చివరి చెట్టు, బస్సు ఎన్ని నిమిషాలు లేటు, ఏదైనా సరే. అనుకున్నంత తేలిక కాదు. మధ్యలో మనకి తెలియకుండానే కొంచెం కలిపేస్తాం.

ఆర్వెల్ సమాధి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో సటన్ కోర్టెనీ అనే చిన్న ఊళ్ళో ఉంది. రాయి మీద ‘ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్’ అని, పుట్టిన తేదీ, పోయిన తేదీ. జార్జ్ ఆర్వెల్ అన్న పేరు గానీ, పుస్తకాల పేర్లు గానీ లేవు. సమాధి మీద గులాబీ మొక్కలు నాటారు. వాలింగ్టన్‌లో ఉన్నప్పుడు ఆరు పెన్నీలు పెట్టి కొన్న గులాబీ మొక్కలు పదేళ్ళ తర్వాత కూడా పూస్తుంటే చూసి ఆయన చాలా సంబరపడి రాసుకున్నాడు.

ఇవాళ్టికి ఇంతే. ‘యానిమల్ ఫామ్’, ‘1984’ రెండింటికీ తెలుగు అనువాదాలు ఉన్నాయి. చదవకపోతే ముందు చిన్నదైన ‘యానిమల్ ఫామ్’ తీసుకోండి. మ్యూరియల్ కనిపించినప్పుడు, అది నిజంగా ఒక ఇంటి పెరట్లో గడ్డి తిన్న మేక అని గుర్తు చేసుకోండి. మళ్ళీ కలుద్దాం.